సమస్య: ‘తెర తొలంగినంత తీపి తొలఁగె’

శృంగార కథ రాసేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కే ఈసారి సమస్య: ఏది ఎప్పుడు చెప్పాలి, ఏది ఎంతసేపు దాచాలి. జీలకర్ర బెల్లం పెట్టేదాకా అడ్డుతెర పట్టే మనవాళ్లకు ఈ పాదం తలకిందులుగా వినిపిస్తుంది. ఛందస్సు ఆటవెలది. ఇది చివరి పాదంగా మిగతా మూడు పాదాలు పూరించండి.

తెనాలి మిత్రుల పూరణ:

మొదటి పుటనె కురిసె ముద్దుల వర్షమ్ము
వలువ జారె నెలమి పలుకు లేక
చదువ నేమి మిగిలె సరసుల కవ్వల
తెర తొలంగినంత తీపి తొలఁగె

సమీక్ష: ధార బాగున్నది. రెండో పాదంలో ప్రాసయతి (యతికి బదులు ‘వలువ’, ‘పలుకు’ల రెండో అక్షరాలు కలవడం) చక్కగా కుదిరింది. కానీ పద్యం తప్పును చెప్పింది, చూపలేదు. ‘ముద్దుల వర్షం’ అరిగిపోయిన మాట. మొదటి పాదం మార్చండి.

ఏలూరు సోదరి పూరణ:

జడనె తెరకు మీఁద సత్య చూపిన వేళ
సభకు వేచి యుండు సౌఖ్య మబ్బె
మోముఁ గనుట కొఱకు మూగిన కన్నుల
తెర తొలంగినంత తీపి తొలఁగె

సమీక్ష: కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ ప్రవేశం! తెర వెనక నిలిచి ముందు జడ ఒక్కటే ఇవతలికి వేస్తుంది. మోము కనిపించక ముందే ఆమె అతిశయం సభకు తెలిసిపోతుంది. ఎంత మంచి ఎంపిక! అయితే తెర తీశాక తీపి పోతే ఆ వేషం ఓడినట్లే కదమ్మా?

సోదరి: పోయినది ఎదురుచూపులోని తీపేనండీ. ఆట అప్పుడే కదా మొదలు!

సమీక్ష: నిజమే. ఆ భేదం పద్యంలోనే వినిపించాలి. మూడో పాదం ‘మోముఁ గనక మున్ను మురిసిన యూహల’ అంటే సరిపోతుంది.

నా పూరణ:

రెప్ప మీఁద నిలిచి రేకు పెదవిఁ దాఁకి
చినుకు నాభిఁ జేరెఁ జిట్టచివర
నడుమ నడుమ నాఁగు నడకయే లేకున్న
తెర తొలంగినంత తీపి తొలఁగె

ఆధారం కాళిదాసు కావ్యం కుమారసంభవం ఐదో సర్గ. తపస్సులో ఉన్న పార్వతిపై తొలి వానచినుకులు పడతాయి. రెప్పలపై క్షణం నిలుస్తాయి, పెదవిని తాకుతాయి, రొమ్ములపై చిట్లుతాయి, వళుల్లో (పొట్ట మీది ముడతల్లో) తడబడతాయి, ఎంతోసేపటికి నాభిని చేరుతాయి. పక్కన ప్రియుడు లేడు. అయినా కాళిదాసు ఆ దేహాన్నంతా నీటిచుక్కల నడకతోనే చూపించాడు. అదే వర్ణనను నాభితో మొదలుపెట్టి చూడండి, శ్లోకంలో ఏమీ మిగలదు.

తెనాలి మిత్రులు: గురువుగారూ, నా మొదటి పాదం మార్చాను. ‘చూపు నిలువకుండ సోఁకెను పెదవులు’.

సమీక్ష: ఇప్పుడు ఆ తొందర కళ్లకు కట్టింది. ఇదే ఉంచండి.