పిజన్ రివర్ అడవిలో చెరువు పక్కన క్యాంపింగ్, మొదటిసారి వెళ్తున్నాం, కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలోనే మిషిగన్‌లోని నోవై వచ్చాం, నేను, మా ఆవిడ, ఐదేళ్ళ బాబు. ఆఫీసులో ఒకతను పిజన్ రివర్ కంట్రీ స్టేట్ ఫారెస్ట్‌లో పికరెల్ లేక్ బాగుంటుందన్నాడు, లేబర్ డేకి (సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు) వెళ్దామని ఉంది. కరెంటు, వేడినీళ్ళు ఉంటాయా?

—

తమ్ముడూ, కరెంటూ లేదు, వేడినీళ్ళూ లేవు, షవర్ అసలే లేదు. అది రస్టిక్ క్యాంపు, అంటే ఏ వసతులూ లేనిది, మనకి దక్కేది చెరువు, చెట్లు, ఒక టేబులు, మంట పెట్టుకునే గుండ్రటి ఇనుప చట్రం. నీళ్ళకి చేతిపంపు, అచ్చం మన ఊళ్ళో బోరింగే, పది పదిహేనుసార్లు కొడితేగానీ ధార రాదు, మొదట తుప్పు రంగులో వస్తే వదిలేసి మళ్ళీ కొట్టండి. టాయిలెట్ ఫ్లష్ లేని గుంట టాయిలెట్టు, నీళ్ళ కుళాయి ఉండదు, కాబట్టి చెంబు మర్చిపోవద్దు (నవ్వకండి, మా మొదటి ట్రిప్పులో కాఫీ గిన్నె బలైంది).

స్టేట్ ఫారెస్ట్ క్యాంపుల్లో చాలావాటికి ముందు బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్ళదే చోటు. అందుకే లేబర్ డే వద్దంటాను, నోవై నుంచి మూడున్నర గంటలు పిల్లాడితో వెళ్ళి చోటు లేదని తిరిగి రావడం నరకం. సెప్టెంబర్ మధ్యలో శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే బయల్దేరండి, అప్పటికి దోమలు తగ్గుతాయి, పైగా ఎల్కుల (పెద్ద జాతి జింకలు) అరుపులు వినిపిస్తాయి. 1918లో పడమటి నుంచి ఏడు ఎల్కుల్ని తెచ్చి ఆ చుట్టుపక్కల వదిలారు, ఇప్పుడున్న మందకి మూలం అవే. తెల్లవారుజామున మగది అరిస్తే తుప్పు పట్టిన గేటు ఎవరో మెల్లగా తోసినట్టుంటుంది, అంత పెద్ద జంతువుకి ఆ గొంతేంటి అనిపిస్తుంది.

కారుకి రిక్రియేషన్ పాస్‌పోర్ట్ (రాష్ట్ర పార్కులు, అడవుల క్యాంపుల్లోకి వెళ్ళే పాస్) ఉందో లేదో చూసుకోండి, క్యాంపు ఫీజు వేరే. చిల్లర నోట్లు పెట్టుకోండి, ఫోన్ సిగ్నల్ మీద ఆశ వద్దు. బయల్దేరే ముందు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజవనరుల శాఖ) వెబ్‌సైట్‌లో తెరిచి ఉందా చూడండి, 2025 మార్చి చివర్లో మంచు తుఫానుకి ఆ వైపు చెట్లు బాగా విరిగాయి.

—

అక్క చెప్పినదానికి రెండు ముక్కలు. కట్టెలు ఇంటినుంచి మోసుకెళ్ళొద్దు, దగ్గర్లో కొనండి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పురుగు యాష్ చెట్లని కోట్లల్లో చంపేసింది, అది ఊళ్ళు దాటింది చాలావరకు ఇలా కార్ల డిక్కీల్లోనే. ఇక చలి. పక్కనున్న వాండర్‌బిల్ట్‌లోనే 1934లో సున్నాకి కింద 51 ఫారెన్‌హీట్ పడింది, మిషిగన్ రికార్డు. సెప్టెంబర్లో అంత ఉండదు గానీ రాత్రి 40ల్లోకి, ఒక్కోసారి ఇంకా కిందకి దిగుతుంది, పైన ఎన్ని రగ్గులు కప్పినా కింద ప్యాడ్ లేకపోతే నేల ఒంట్లో వేడంతా లాగేస్తుంది. బాబుకి ఊలు టోపీ పెట్టి పడుకోబెట్టండి. గడ్డిలో తిరిగొచ్చాక టిక్స్ ఉన్నాయేమో ఒళ్ళంతా చూడండి, మన పశువులకి పట్టే పిడుదుల్లాంటివే, కానీ ఇక్కడ నువ్వుగింజంత ఉంటాయి.

—

చాలా థాంక్స్ అక్కా, అన్నా. డేట్ మార్చేశాం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ తీసుకెళ్తే చాలా?

—

పులిహోర బెస్ట్, రెండో రోజుకి ఇంకా బాగుంటుంది. కానీ తినగానే అన్నీ కార్లో పెట్టి లాక్ చెయ్యండి, టెంట్లో బిస్కెట్ కూడా వద్దు, ఎలుగుబంట్లున్న అడవి అది. మేం ఒకసారి కూలర్ టేబుల్ మీదే వదిలేస్తే రకూన్లు మూత తీసి పెరుగన్నం మొత్తం నాకేశాయి. ఆవకాయ జాడీ మాత్రం మూత తీసి, వాసన చూసి, వదిలేశాయి.