ఏడాది హోమ్‌స్కూలింగ్ అయ్యింది, ఇప్పుడు పెద్దది బడికెళ్తానంటోంది

ఇంటిబడి_అమ్మ:
పెద్దమ్మాయికి 11, చిన్నోడికి 7. పోయిన ఏడాది ఇద్దర్నీ బడి మాన్పించి ఇంట్లోనే చెప్పడం మొదలుపెట్టాం. మొదట్లో నా ఉత్సాహం చూడాలి, గోడకి పెద్ద చార్టు, సబ్జెక్టుకో రంగు, ప్రతి గడిలో టిక్కు. మూడో నెలకి టిక్కులు ఆగిపోయాయి, చార్టు వెనక చిన్నోడు డైనోసార్లు గీసుకున్నాడు (అవి మాత్రం బాగున్నాయి). బడిని తెచ్చి హాల్లో పెట్టాలని చూశానని అప్పటికిగానీ అర్థం కాలేదు.

తర్వాత పొద్దున రెండు గంటలే కూర్చోబెట్టాం. షార్లెట్ మేసన్ అనే బ్రిటిష్ విద్యావేత్త పద్ధతి గురించి చదివి, చిన్నోడికి ఒక్కో పాఠం 15-20 నిమిషాలు దాటనివ్వలేదు. కూడబలుక్కుని చదివేవాడు ఒకరోజు మందు సీసా పట్టుకొచ్చి "అమ్మా, దీని డేట్ అయిపోయింది" అన్నాడు, చూస్తే నిజమే. పెద్దదానికి ఎన్ని వర్క్‌షీట్లు చేయించినా భిన్నాలు ఎక్కలేదు, వాళ్ల నాన్నతో కలిసి పుస్తకాల అరకి చెక్క కొలుస్తూ, ముప్పావు, ఒకటింబావు అనుకుంటూ రెండుసార్లు తప్పు కోసి, మూడోసారికి పట్టేసింది. చెక్క దండగైంది, పోనీ.

వచ్చే నెల నుంచి నేను ఒంటిపూట ఉద్యోగంలో చేరుతున్నా. ఇదే టైమ్‌కి పెద్దది బడికెళ్తానంటోంది, చిన్నోడు ససేమిరా అంటున్నాడు. అది ఆ మాట అనగానే ఏడాది కష్టమంతా బూడిదలో పోసినట్టనిపించింది. పంపాలా, ఇంకో ఏడాది ఆగమనాలా?

నిదానంగా:
ఎందుకెళ్తానంటోందో అడిగారా? మావాడూ ఇలాగే అంటే నా పాఠాలు నచ్చలేదేమోనని నెల్లాళ్లు టెన్షన్ పడ్డా. తీరా అడిగితే, సాయంత్రం ఆడుకునేవాళ్లంతా బడి జోకులు వేసుకుంటుంటే తనకి ఒక్కటీ అర్థం కావట్లేదట! పంపాం. చదువులో వెనకబడలేదు కానీ రాత దగ్గర దెబ్బతిన్నాడు, ఇంట్లో అన్నీ నోటితోనే చెప్పించేదాన్ని కదా, పరీక్షలో పేజీలకి పేజీలు రాయాల్సొచ్చేసరికి చెయ్యి నొప్పని ఏడ్చాడు. ఇప్పట్నుంచే గడియారం పెట్టి రోజూ ఒక పేజీ రాయించండి. కొన్ని బళ్లలో చేర్చుకునే ముందు పరీక్ష పెడతారు, ఏ తరగతి సిలబస్ మీదో ముందే కనుక్కోండి.

బడి_ఎగ్గొట్టినవాడు:
నేను ఇంట్లో చదువుకుని 9వ తరగతిలో బడికెళ్లినవాణ్ణి. అంతకుముందే వెళ్లాలనుంది, అమ్మ మొహం చూసి ఒక ఏడాది ఆగాను. ఆ ఏడాది ఏం చదివానో గుర్తులేదండీ, ఆగానన్నదే గుర్తుంది. మీ అమ్మాయిని ఆపకండి. నిజానికి ఆలోచించాల్సింది చిన్నోడి గురించి, అక్క వెళ్లిపోతే పొద్దంతా వాడికి తోడెవరు?

రెండోపూట_నాన్న:
మా ఇంట్లో సాయంత్రం చదివించే డ్యూటీ నాది. మీ ఆయన్ని రోజూ పది నిమిషాలు పాతపాఠం అడగమనండి, కొత్తది ఏదీ చెప్పక్కర్లేదు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి తనమీద తనే ప్రయోగం చేసుకుని 1885లో ప్రచురించాడు, నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ మర్చిపోతామట, కానీ మళ్లీ నేర్చుకోడానికి అంత టైమ్ పట్టదట. మా పాప సెలవుల తర్వాత ఏడో ఎక్కం మొత్తం మర్చిపోయింది, వారంలో తిరిగొచ్చేసింది. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు మీ చిన్నోడు ఒక్కడే చేసుకోగల పనులు రెండు మూడు చీటీ మీద రాసిపెట్టండి, అంతకంటే ఎక్కువైతే నా అనుభవంలో చీటీయే కనబడకుండా పోతుంది.

ఇంటిబడి_అమ్మ:
అడిగానండీ. స్నేహితుల కోసమే అనుకున్నా. "లెక్క తప్పు చేస్తే రాత్రి పడుకునేదాకా నువ్వు టీచర్‌లాగే ఉంటావు" అంది. ఏం చెప్పాలో తోచలేదు. శనివారం బడి చూడ్డానికి వెళ్తున్నాం. చిన్నోడూ వస్తాడట, చూడ్డానికి మాత్రమేనట.