అప్‌డేట్: ఓడలో ఒక కంటికే చూపు మసకబారడం – కారణం తెలిసింది

సముద్రయానం 18వ రోజున కుడి కన్ను మాత్రమే మసకబారి, రోజూ రాత్రి గదిలో ఉంచే మర్నాటి కార్యక్రమాల కాగితం కూడా చదవలేకపోతున్నానని ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు.

వాంతులు రాకుండా చెవి వెనుక అంటించుకున్న స్కోపోలమైన్ ప్యాచ్‌ను అనుమానించమన్న సలహాయే నిజమైంది. ఓడలోని వైద్యురాలు టార్చి వేసి, కుడి కంటిపాప బాగా పెద్దదై, వెలుగు పడినా ముడుచుకోవడం లేదని గమనించి, ప్యాచ్ మార్చాక చేతులు కడుక్కున్నారా అని అడిగారు. 72 గంటలకోసారి మార్చవలసిన ఆ ప్యాచ్‌ను ఆ ఉదయమే మార్చి, చేతులు కడగకుండానే అదే వేలితో కన్ను నులుముకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వేలికంటిన మందు కంటిపాపను ముడిచే కండరాన్ని పనిచేయనీయదట.

ప్యాచ్ తీసేశాక నాలుగో రోజుకు చూపు మామూలైంది. అంతవరకు డెక్ మీద ఎండలో నల్ల కళ్లద్దాలు తప్పలేదు. నేను గట్టిగా నమ్మిన ఏసీ గాలి గాని, కళ్లద్దాల పవర్ గాని కారణం కాదు.

ఇదే ఇబ్బంది వచ్చినవారు దయచేసి సొంతంగా తేల్చుకోకండి. ఒక్క కంటిపాపే పెద్దదవడానికి మెదడుకు సంబంధించిన ప్రమాదకర కారణాలూ ఉంటాయి కనుక, ఆ వైద్యురాలు ముందుగా తలనొప్పి ఉందా అని అడిగి, నా మాట, నడక పరీక్షించాకే ప్యాచ్ సంగతికి వచ్చారు.