సమస్య: “ఏడుగురిని కూడ నేకమయ్యె”

నిర్వాహకురాలు: నిన్న రాజ్యాంగ ముసాయిదా కమిటీ పేర్లు వేళ్లమీద లెక్కపెడుతుంటే ఈ పాదం నోట్లో ఆడింది. 1947 ఆగస్టు 29న వేసిన ఆ ఏడుగురి మీదే, ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించండి. గ్రహాలు, సప్తర్షులు వద్దు బాబోయ్.

గురులఘువు:

ఒకరు తప్పుకొనగ నొకరు గతింపగా
వేరు దేశమేగ వేరొకండు
ఢిల్లి దూరమయ్యె నొల్లని వారికి
ఏడుగురిని కూడ నేకమయ్యె

1948 నవంబరు 5న టి.టి. కృష్ణమాచారి రాజ్యాంగ సభలో చెప్పిన లెక్కే ఇది. మిగిలిన ఆ ఒక్కరూ అంబేద్కర్ అని వేరే చెప్పాలా?

తుమ్మెద: కూడితే తగ్గే లెక్క! రెండో పాదం హాయిగా ఉంది. మూడోదే గుచ్చుకుంది. ఆ ఒకరిద్దరు దూరంగా ఉండిపోవడానికి బహుశా అనారోగ్యం కారణమని కృష్ణమాచారి గారే అన్నారు. ప్రాసయతి కోసం, అంటే “ఢిల్లి”కి “ఒల్లని” జత కలపడానికి, వాళ్లను “ఒల్లని వారు” చేసేశారు.

యతిపతి: కూడికలు కవిత్వమా మాస్టారూ? ఏకమవడమంటే మనసులు కలవడం. చూడండి:

మున్షి యల్లడియును ముత్సద్ది గోపాలు
సాదులాయు జేయి సాచి నిలువ
భీమరావు వెంట వేర్వేరు మాటలు
ఏడుగురిని కూడ నేకమయ్యె

గురులఘువు: చూశాను. ఏడుగురని చెప్పి మున్షి, అల్లాడి, గోపాలస్వామి అయ్యంగార్, సాదుల్లా, అంబేద్కర్ అని అయిదుగురినే పిలిచారు. కమిటీలోని మిట్టర్, ఖైతాన్ ఏరీ? పైగా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారంతటి న్యాయకోవిదుణ్ని పట్టుకుని “అల్లడి” అంటారా!

యతిపతి: అక్కడ ఉండాల్సింది సూర్యగణం, అంటే గురువు-లఘువో మూడు లఘువులో. అందులో అల్లాడి పట్టరు కదా.

గురులఘువు: పట్టకపోతే చోటు మార్చాలి గానీ మనిషిని కుదిస్తారా? అల్లాడి, ఖైతాను ఇద్దరూ తగణాలే (రెండు గురువులు, ఒక లఘువు), పాదం చివర పడతారు. “అందు మున్షి కలిసె నల్లాడి ఖైతాను” అనండి, అయిపోయె! మిట్టరు భగణం (ఒక గురువు, రెండు లఘువులు), మూడో పాదం చివర కూర్చోబెట్టుకోండి.

నిర్వాహకురాలు: యతిపతి గారు అలిగినట్టున్నారు. ముసాయిదాకే 7,635 సవరణలు వచ్చాయండీ, సభలో ప్రతిపాదించినవే 2,473. మీకు వచ్చినవి రెండే.

యతిపతి: అలకేం లేదు. మిట్టర్ మధ్యలో తప్పుకున్నారు, ఖైతాన్ 1948లో పోయారు. లేనివాళ్లను ఎలా కూర్చను?

తుమ్మెద: అయితే మిట్టర్ బదులు వచ్చిన మాధవరావు గారిని పిలవాల్సింది. ఖైతాన్ చోటులోకి తర్వాత ఆ లెక్క చెప్పిన కృష్ణమాచారే వచ్చారాయె. మీకీ కుర్చీల తికమక కొత్త కాదులెండి. పోయినసారి సచ్చిదానంద సిన్హాను చివరిదాకా సభాధ్యక్షుణ్ని చేశారు. ఆయన 1946 డిసెంబరు 9న తాత్కాలికంగా కూర్చున్నారంతే, 11న రాజేంద్రప్రసాద్ ఎన్నికయ్యారు.

యతిపతి: ఆ పద్యంలో యతి తప్పలేదుగా?

తుమ్మెద: యతి కుదిరింది, అధ్యక్షుడే కుదరలేదు.

గురులఘువు: ఈ గొడవలో నా పాదం మరిచారు. మార్చాను: “ఢిల్లి దూరమయ్యె నొల్లదు దేహమ్ము”. ఇప్పుడెవరినీ ఏమీ అనలేదుగా, తుమ్మెద గారూ?