దేశ సర్వే సంస్థలు ఇకపై పటాలు గీయడం మానుకోవచ్చా?

చర్చకు పెట్టిన ప్రశ్న

దారి చూపే పటం ప్రతి ఫోనులోనూ ఉన్న ఈ రోజుల్లో, ప్రజాధనంతో నడిచే సర్వే సంస్థలు వీధులనూ భవనాలనూ మళ్లీ తామే కొలిచి గీయడం అవసరమా అన్నది నా సందేహం. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటాన్ని స్వచ్ఛంద కార్యకర్తలే పెంచి పోషించారు. 2010 జనవరిలో హైతీని భూకంపం కుదిపేసినప్పుడు, ఎక్కడెక్కడి ఔత్సాహికులో ఉపగ్రహ చిత్రాలు చూస్తూ రాజధాని వీధులను కొద్ది రోజుల్లోనే పటానికెక్కించగా, సహాయ బృందాలు దాన్నే వాడుకున్నాయి. ప్రభుత్వ సంస్థలు సరిహద్దులకూ కొలతల ప్రమాణాలకూ పరిమితమైతే చాలని నా అభిప్రాయం.

మొదటి సమాధానం

హైతీలో జరిగినది నిజంగా గొప్ప పని. అయితే అక్కడ ప్రపంచం దృష్టి పడింది కాబట్టే పటం తయారైంది. వ్యాపార సంస్థ వాడుకరులు ఎక్కువగా ఉన్న చోటును, ఔత్సాహికుడు తనకు తెలిసిన చోటును ముందు గీస్తారు. మనుషులు పలచగా ఉన్న కొండ ప్రాంతాన్ని కూడా నగరంతో సమానమైన శ్రద్ధతో కొలవాలన్న బాధ్యత వారెవరికీ లేదు.

సరిహద్దులు సర్వే సంస్థకే ఉండాలని మీరే అన్నారు. ఎందుకుండాలో 2010లోనే తెలిసింది. మధ్య అమెరికాలో శాన్ హువాన్ నది ముఖద్వారం వద్ద నికరాగువా, కోస్టారికాల మధ్య వివాదంలో ఉన్న నేల మీదికి నికరాగువా బలగాలు వెళ్లినప్పుడు, వాటి అధికారి గూగుల్ మ్యాప్స్‌లోని గీతను ఆధారంగా చూపారు. ఆ గీత తప్పని గూగుల్ ఒప్పుకుంది. ఆ భూభాగం కోస్టారికాదేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2015లో తీర్పునిచ్చింది. తప్పు గీతకు ఎవరు జవాబు చెప్పాలన్న ఇదే ప్రశ్న వరద ముంపు హద్దుకూ, అంబులెన్సు వెతుక్కునే చిరునామాకూ వర్తిస్తుంది కదా.

కొలతల ప్రమాణాలను మీరు ఒక్క మాటలో దాటేశారు. ఆస్ట్రేలియా ఖండం ఏడాదికి దాదాపు 7 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతుంది. 1994 నాటి స్థానాలకు కట్టుబడిన అక్కడి పటాలు 2020 నాటికి దాదాపు 1.8 మీటర్లు తేడా చూపడంతో, దేశమంతటికీ స్థానాలను లెక్కగట్టే కొత్త ఆధార వ్యవస్థను తేవలసి వచ్చింది. ఏళ్ల తరబడి విడవకుండా కొలుస్తూ ఉండే సంస్థ ఒకటి లేకపోతే ఆ తేడా ఎంతో ఎవరూ చెప్పలేరు.

రెండో సమాధానం

బాధ్యత సంస్థదే అయినప్పుడు, ఆ సమాచారం ప్రజలకు ఉచితంగా అందాలన్నది నా పట్టుదల. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను అమెరికా 2008లో ఉచితం చేశాక వాటి వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. బ్రిటన్ సర్వే సంస్థ 2010లో కొన్ని పటాలను, డెన్మార్క్ 2013లో తన మౌలిక భౌగోళిక సమాచారాన్ని ఉచితంగా విడుదల చేశాయి. ఇందులో ఒక చిక్కుంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు: అమ్మకాల రాబడి పోయిన సంస్థ పూర్తిగా ఖజానా మీద ఆధారపడుతుంది, పొదుపు మాట వచ్చిన ఏడాది క్షేత్ర సర్వేకే ముందు కోత పడవచ్చు. అందుకే ఉచిత విడుదలతో పాటు కొన్నేళ్లకు సరిపడా నిధుల హామీ కూడా ఉండాలి.

ప్రశ్న వేసినవారి స్పందన

ఖండం కదలిక సంగతి నేను ఆలోచించలేదు. జవాబుదారీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా కొత్త వీధి పుట్టిన సంగతి ఆ వీధివాసికే ముందు తెలుస్తుంది. అతను పంపిన సవరణను స్వీకరించి, క్షేత్రంలో సరిచూసి, తన ముద్ర వేసే పనిని సర్వే సంస్థ చేపట్టాలని మాత్రం ఇప్పటికీ గట్టిగా కోరుతున్నాను.