‘ఎలుకల రొమ్ము క్యాన్సర్ వైరస్’ అనవచ్చునా?

ప్రశ్న:

జీవశాస్త్ర పాఠం ఒకదానిని తెలుగు చేస్తున్నాను. ప్రయోగశాలలో పెంచే ఎలుకలలో తల్లిపాల ద్వారా పిల్లలకు సంక్రమించి, ఆ పిల్లలు పెరిగి పెద్దవైన తరువాత వాటిలో కణితులు పుట్టించే వైరస్ ప్రస్తావన అందులో వచ్చింది. ఆంగ్లంలో దానిని మౌస్ మామరీ ట్యూమర్ వైరస్ అంటారు. నేను ‘ఎలుకల రొమ్ము క్యాన్సర్ వైరస్’ అని రాస్తే, రాతప్రతి చూసిన పెద్దలు ఆ మాటల పక్కన ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు, కారణం మాత్రం రాయలేదు. ఇందులో ఏ మాట తప్పు?

మొదటి సమాధానం:

వైరస్ అన్న మాటను వదిలితే, మిగిలిన మూడింటికీ ఆ ప్రశ్నార్థకం వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఎలుక సంగతి తేలికైనది. మౌస్, ర్యాట్ రెండింటినీ మనం ఎలుక అనే అంటాము గాని, ప్రయోగశాలలో అవి వేర్వేరు జంతువులు. ఈ వైరస్ వాటిలో చిన్నదైన మౌస్‌ది కాబట్టి ‘చిట్టెలుక’ అనడం మేలు. చుంచెలుక అనే మాట కూడా ఉంది గాని, దానితో వేరే ప్రాణిని సూచించేవారు ఉన్నందున నేను దాని జోలికి పోను.

అసలు చిక్కు రొమ్ము దగ్గర ఉంది. తెలుగులో రొమ్ము అంటే స్తనమే కాదు, ఛాతీ కూడా. ‘రొమ్ము విరుచుకొని నిలబడ్డాడు’ అన్నప్పుడు ఎవరికీ స్తనం గుర్తుకు రాదు. మనిషి విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకే చోట కలుస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఆడ చిట్టెలుకకు ఐదు జతల చన్నులు ఉంటాయి. వాటిలో మూడు జతలు ఛాతీ వైపు, రెండు జతలు పొట్ట, గజ్జల వైపు ఉంటాయి, వాటి వెనుక ఉన్న గ్రంథులు మెడ పక్క నుంచి తొడల మొదలు దాకా చర్మం కింద పరచుకొని ఉంటాయి. అందువల్ల గజ్జల దగ్గర లేచిన గడ్డను ‘రొమ్ము కణితి’ అని రాస్తే, పాఠం చదివే విద్యార్థి దాని కోసం తప్పు చోట వెతుకుతాడు. పొదుగు అందామంటే అది పశువులకు చెల్లిన మాట.

ఇక్కడ మన భాష చేసిన ఒక మంచి పనిని గమనించాలి. 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ పిల్లలకు పాలిచ్చే జంతువుల తరగతికి మమ్మాలియా అని పేరు పెట్టినప్పుడు, లాటిన్‌లో రొమ్ము అనే అర్థమున్న ‘మమ్మా’ను ఆధారం చేసుకున్నాడు. మనం మాత్రం అవయవాన్ని వదిలి, అది చేసే పనిని పట్టుకొని క్షీరదం, అంటే పాలు ఇచ్చేది, అన్నాము. అదే దారిలో మామరీ గ్రంథిని క్షీరగ్రంథి అనో, పాలగ్రంథి అనో అంటే స్థానం గురించిన చిక్కే రాదు. పైగా ఈ వైరస్ ప్రయాణించేది పాలలోనే కాబట్టి పేరులోనే దాని కథ సగం తెలుస్తుంది.

క్యాన్సర్ అన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఈ కణితులలో చాలావరకు క్యాన్సర్లే, ఊపిరితిత్తులకు పాకేవి కూడా ఉన్నాయి. అయితే కొన్ని చిట్టెలుక వంశాలలో గర్భకాలంలో పుట్టి, పిల్లలు పెట్టిన తరువాత కరిగిపోయే కణితులు కూడా కనిపిస్తాయి. మూలంలో ఉన్నది ట్యూమర్ కాబట్టి ‘కణితి’ చాలు. రాచపుండు అనే పాత మాట ఎవరికైనా తోచవచ్చు గాని, పుండు వేరు, గడ్డ వేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘రొమ్ము క్యాన్సర్ వైరస్’ అని చదివిన పాఠకుడు అది మనుషులకు కూడా వస్తుందని అనుకొనే ప్రమాదం ఉంది. మనుషుల రొమ్ము క్యాన్సర్‌కు ఈ వైరస్ కారణమని రుజువు కాలేదు.

రెండవ సమాధానం:

పై వివరణతో ఏకీభవిస్తూ, ‘పాల కారకం’ అనే మాటను కూడా చర్చకు తెస్తున్నాను. పాఠంలో చరిత్ర భాగం ఉంటే అది తప్పక ఎదురవుతుంది.

అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీ పరిశోధకులు, కణితులు ఎక్కువగా వచ్చే వంశాన్ని తక్కువగా వచ్చే వంశంతో రెండు విధాలుగా, అంటే ఒకసారి తల్లిని, ఒకసారి తండ్రిని మార్చి సంకరం చేసి చూసినప్పుడు, ఆడపిల్లలకు కణితులు రావడం తండ్రిని బట్టి కాక తల్లి ఏ వంశానిదో దానిని బట్టి ఉన్నదని 1933లో ప్రకటించారు. జన్యువులే కారణమైతే రెండు సంకరాలూ ఒకే తీరుగా ఉండవలసింది. 1936లో అదే లేబొరేటరీ పరిశోధకుడు జాన్ బిట్నర్, కణితులు ఎక్కువగా వచ్చే వంశపు పిల్లలను పుట్టిన కొద్దిసేపటికే కణితులు తక్కువగా వచ్చే వంశపు తల్లి దగ్గర పాలు తాగించినప్పుడు వాటిలో కణితులు బాగా తగ్గాయని చూపాడు. ఆ పాలలో ఉన్నదానికే ‘పాల కారకం’ అన్న పేరు స్థిరపడింది. కోళ్లలో ఒక రకం కణితికి వైరస్ కారణమని పేటన్ రౌస్ 1911లోనే చూపినా, క్యాన్సర్‌ను వైరస్‌తో ముడిపెట్టడం ఆ రోజులలో పెద్దగా మన్నన పొందని వాదన కాబట్టి, కారకం అనే తటస్థమైన మాట బిట్నర్‌కు అనుకూలించింది. చరిత్ర చెప్పే చోట దానిని వైరస్ అని సవరించకండి.

తెలుగులో ఈ తేడా చెప్పడానికి కొత్త మాటలు కూడా అక్కరలేదు. ‘పుట్టుకతో వచ్చినది’ వేరు, ‘ఉగ్గుపాలతో వచ్చినది’ వేరు అని మన జాతీయాలే విడదీసి చెబుతాయి. ఆ పిల్లల తల్లిని మార్చి బిట్నర్ తేల్చినది సరిగ్గా ఆ రెండింటి మధ్య తేడానే. అయితే పాలను పట్టుకొని ‘పాల వైరస్’ అని పేరు పెడితే మరో పొరపాటు జరుగుతుంది. ఇది రెట్రోవైరస్; తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి కణపు క్రోమోజోములో చేర్చుకుంటుంది. అలా బీజకణాలలో, అంటే అండాలలోనో శుక్రకణాలలోనో, ఎప్పుడో చేరిపోయిన ప్రతులు చిట్టెలుకలలో తరతరాలుగా వస్తున్నాయి, వాటిలో కొన్ని తండ్రి నుంచి కూడా సంక్రమించి కణితులు కలిగించగలవు. అంటే ఒకే వైరస్ ఉగ్గుపాలతోనూ రాగలదు, పుట్టుకతోనూ రాగలదు.

ప్రశ్నలోని ‘పుట్టించే’ అన్న క్రియ గురించి కూడా ఒక్క మాట. ఈ వైరస్ తనతో క్యాన్సర్ జన్యువును తీసుకురాదు. చిట్టెలుక సొంత జన్యువుల పక్కన చేరి వాటిని అదుపు తప్పిస్తుంది. అలాంటి జన్యువులలో మొదటిదాన్ని శాస్త్రవేత్తలు రూల్ నుస్సె, హెరాల్డ్ వార్మస్ 1982లో పట్టుకున్నారు. ‘కణితులకు దారితీసే’ అంటే ఇంకా సరిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘చిట్టెలుకల పాలగ్రంథి కణితి వైరస్’ అని మారుస్తున్నాను. తెలుగు మాటకు సంస్కృత పదాన్ని చేర్చితే సమాసం చెడుతుందని ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని సందేహించాను గాని, పాలసముద్రం చెల్లుతున్నప్పుడు పాలగ్రంథి చెల్లకపోదు. చరిత్ర భాగంలో, 1936 ప్రయోగం దగ్గర, ‘పాల కారకం’ అనే ఉంచుతాను.