491 రీజినల్ వీసా మీద ఆస్ట్రేలియా వెళ్లడం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

బెజవాడ సివిల్:
అందరికీ నమస్కారం. నాకు 32 ఏళ్లు, బీటెక్ సివిల్, ఆరేళ్లుగా రోడ్ల పనుల్లో ఉన్నాను. మా ఆవిడ బీఎస్సీ నర్సింగ్. పాప యూకేజీ. ఏజెంటు వేసిన వీసా పాయింట్ల లెక్క ఇది: వయసుకి 30, డిగ్రీకి 15, అనుభవానికి 10, ఇంగ్లిష్‌కి 10, మా ఆవిడ ఇంగ్లిష్‌కి 5. మొత్తం 70. దీంతో నేరుగా పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే 189 వీసా రాదట. రీజినల్ ప్రాంతాల్లోనే ఉండాల్సిన 491 అయితే అక్కడి రాష్ట్రం నామినేషన్‌కి 15 కలిసి 85 అవుతుందట. ఏప్రిల్‌లో 33 నిండితే వయసులో 5 పోతాయి. మావయ్యగారేమో "ఐదేళ్ల వీసా పట్టుకుని, పాపని తీసుకెళ్లి ఏ పల్లెటూళ్లో పెడతారు?" అంటున్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

డబ్బో రోడ్లు:
తమ్ముడూ, ముందు ఆ పల్లెటూరి భయం తీసెయ్. 491 లెక్కలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా రీజినలే. పెర్త్, అడిలైడ్ అందులోవే. రాజధాని కాన్‌బెర్రా కూడా అందులోదే.

నేను మాత్రం నిజంగానే చిన్న ఊళ్లో ఉన్నా. సిడ్నీ నుంచి డబ్బోకి దాదాపు 400 కిలోమీటర్లు. వచ్చిన కొత్తలో ఇంటి కోసం పెట్టిన అప్లికేషన్లు పంతొమ్మిది. ఇక్కడ అద్దెకున్న చరిత్ర లేదని ఎవరూ ఇవ్వలేదు. ఇరవయ్యోది ఒక పెద్దాయన ఇల్లు, ఆయనే ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి ఇచ్చాడు. నాలుగు నెలలు గోడౌన్‌లో సరుకు మోశాను. మన చదువుకి తగ్గ పనే చెయ్యాలని వీసాలో షరతు లేదు, రీజినల్‌లో ఏ పని చేసినా సరే. ఆ నెలలు బరువుగానే గడిచాయి, దాచను.

తర్వాత ఇక్కడి కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) రోడ్ల విభాగానికి ఇంటర్వ్యూ వచ్చింది. "కల్వర్టు పక్కన మట్టి కోసుకుపోతే ముందు ఏం చూస్తావు?" అని అడిగారు. నేను అవనిగడ్డ వైపు కాలవ గట్ల మీద పనిచేసినవాణ్ణి. నీళ్లు దిగే వైపు పునాది కింద ఎంత ఖాళీ అయిందో గడకర్రతో పొడిచి చూస్తామని చెప్పాను. వాళ్లు ముందుకి జరిగి వినడం మొదలుపెట్టారు. ఇక్కడి కౌన్సిళ్లకి మట్టిరోడ్లు ఎక్కువ, ఇంజనీర్లు తక్కువ. నీ ఆరేళ్లు చిన్నవి కావు.

బెండిగో సిస్టర్:
తమ్ముడు గారూ, లెక్కంతా మీ మీదే వేసుకుని మీ ఆవిడ విషయం ఒక్క ముక్కలో దాటేశారు. అక్కడే నాకు బాధేసింది. మా ఇంట్లో కూడా ఏడాదిపాటు మావారి ఫైలే తిప్పాం. చివరికి దారి తెరుచుకుంది నా ఉద్యోగంతో. నర్సుల కోసం ఇక్కడి ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి. తనే ప్రధాన అభ్యర్థి అయితే మీరు భాగస్వామిగా వస్తారు, మీకూ పనిచేసే హక్కు ఉంటుంది.

అయితే ముందు నర్సుగా ఇక్కడ రిజిస్ట్రేషన్ రావాలి. ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ పరీక్ష రాసి, ఆ తర్వాత ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఇవ్వాలి. నేను అడిలైడ్‌లో ఇచ్చాను. పది స్టేషన్లు, ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు. మందు ఇచ్చే ముందు రోగిని పేరు, పుట్టిన తేదీ అడిగి, చేతి పట్టీతో సరిచూసుకోవాలి, ఎలర్జీ అడగాలి, చెయ్యబోయేది చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. పన్నెండేళ్లు వార్డులో చేసిన నాకు మందు తెలుసు, చెయ్యి తిరిగింది. కానీ ప్రతి అడుగూ నోటితో చెప్పే అలవాటు లేదు. రోజూ రాత్రి మావారిని మంచం మీద పడుకోబెట్టి, రోగి అనుకుని సాధన చేశాను. మీ ఆవిడని ఇప్పుడే మొదలుపెట్టమనండి.

అడిలైడ్ కరీంనగర్:
అన్నా, ఏప్రిల్‌ల పోయే ఐదు పాయింట్లు మన తెలుగే తెచ్చిస్తది. అనువాదకులకు పరీక్షలు పెట్టే NAATI అనే ఆస్ట్రేలియా సంస్థ సీసీఎల్ అని ఒక భాషా పరీక్ష పెడతది, దాంట్ల తెలుగు ఉన్నది. రెండు సంభాషణలు, ఇంగ్లిష్‌ల విన్నది తెలుగుల, తెలుగుల విన్నది ఇంగ్లిష్‌ల చెప్పాలె. 90కి 63 రావాలె, ఒక్కొక్కదాంట్ల 29 తగ్గొద్దు. మాతృభాషే కదా అని తేలికగ తీసుకోకు. మధ్యల ఒక తేదీనో, మందు మోతాదునో వదిలేస్తే మార్కులు పోతయ్. నేను మొదటిసారి అట్లనే పోగొట్టుకున్న. రెండోసారి రోజూ వార్తలు ఆపి ఆపి వినుకుంట, అంకెలు కాగితం మీద రాసుకుంట సాధన చేసిన.

ఏజెంటు మాట జర జాగ్రత్త. వీసాకు ముందు నీ ఇంజనీరింగ్ అర్హత చూసే అసెస్‌మెంటుకు నీ పని అనుభవం మీద మూడు వ్యాసాలు రాయాలె. హైదరాబాద్‌ల ఒక కన్సల్టెన్సీ నాకు రెడీమేడ్‌గ రాసినవి అమ్మజూపింది. కాపీ అని తేలితే నిషేధం పెడతరు. నీ రోడ్డు గురించి నువ్వే రాయి. ఆస్ట్రేలియాల రిజిస్టరైన ఏజెంటుకు ఏడంకెల నంబరు ఉంటది, అది అడుగు. చెప్పకపోతే లేచి వచ్చెయ్.

జీలాంగ్ వాసి:
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. రీజినల్‌లోనే ఉండాలనే వీసా షరతు (నంబరు 8579) భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తుంది. మాది జీలాంగ్, మెల్‌బోర్న్‌కి గంట రైలు. నా భార్యకి అక్కడ మంచి ఆఫర్ వస్తే, వీసా నాది కదా, తను వెళ్లొచ్చు అనుకున్నాం. చేరే ముందు రోజు రాత్రి వీసా ఇచ్చినప్పటి గ్రాంట్ లెటర్ మళ్లీ చదివాను. ఇద్దరి పేర్ల కింద అదే షరతు. తెల్లారి ఫోన్ చేసి వద్దని చెప్పింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఊరు చూడ్డానికి వెళ్లొచ్చు, ఉండటం, పని, చదువు మాత్రం రీజినల్‌లోనే.

మూడేళ్లు నిండాక 191 అనే పీఆర్ వీసాకి పెట్టుకోవచ్చు. జీతం ఇంత ఉండాలనే మెలిక లేదు కానీ, మూడు ఆర్థిక సంవత్సరాల ట్యాక్స్ అసెస్‌మెంట్ నోటీసులు చూపించాలి. ఇక్కడ సంవత్సరం జులై నుంచి జూన్. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా 14 రోజుల్లో తెలియజెయ్యాలి. లీజు కాగితం, కరెంటు బిల్లు, పేస్లిప్పు, పాప స్కూల్ ఉత్తరం మొదటి నెల నుంచే ఒక ఫోల్డర్‌లో వేసుకోండి. తర్వాత వెతుక్కోవడం నరకం.

బెజవాడ సివిల్:
సిస్టర్ రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. "నన్ను అడిగినవాళ్లు ఇన్నాళ్లకి ఒకరు" అంది. నాకు సిగ్గేసింది. ఎన్‌క్లెక్స్ పుస్తకం తెప్పిస్తున్నాం, నేను సీసీఎల్ కడుతున్నా. డబ్బో అన్నా, కౌన్సిల్ ఉద్యోగాలకి రెజ్యూమె ఎలా రాయాలి?

డబ్బో రోడ్లు:
పేరు, నంబరు తీసేసి ఇక్కడే పెట్టు. కాంట్రాక్టు విలువ కాదు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కల్వర్టులు, నీ కింద ఎంతమంది, అవి రాయి. ఆదివారం కూర్చుని లైను లైనూ చూస్తా.